చినిగేదాకా గుంజే కొలువు

మొన్న ఒక మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తిని, డబ్బా మూత పెడుతూ ఫోన్ చూస్తే సార్ వాట్సాప్ బొమ్మ మారి ఉంది. నాకు తెలిసినప్పటి నుంచి అక్కడ ఆయన కూతురి చిన్నప్పటి ఫోటో ఉండేది. ఇప్పుడు ఆయనదే, పాస్‌పోర్ట్ సైజు ఫోటోను పెద్దది చేశారు. చుట్టూ దండ. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. పోయి అప్పటికే వారం దాటింది.

ఇంకెవరికి చేయాలో తెలియక ఆ నంబర్‌కే ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది.

"కరీంనగర్ బిడ్డ అని రాసున్నదక్కా ఇందుల. నువ్వేనా?" అంది.

నేనే అన్నాను. గుండెనొప్పి అని, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందని చెప్పింది. పదో దినానికి వస్తానని చెప్పి పెట్టేశాను.

సార్‌తో నేను నాలుగేళ్ళు పనిచేశాను. ఆయనది కాగజ్‌నగర్. అక్కడి కాగితం మిల్లులో, పరీక్షల గదిలో ఉద్యోగం చేసేవారు. తయారైన కాగితం నుంచి సన్నటి పట్టీలు కోసి, రెండు కొసలూ యంత్రానికి బిగించి, ఎంత గుంజితే చినుగుతుందో చూసి రాయడం ఆయన పని. "చినిగేదాక గుంజుడే నా కొలువు" అనేవారు. మిల్లు మూతపడేనాటికి నలభై దాటాయి. హైదరాబాద్ పోయి, మేనల్లుడి వయసు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని జావా నేర్చుకున్నారు. తర్వాత మిల్లు మళ్ళీ తెరిచారని తెలిసినప్పుడు, పోతారా సార్ అని అడిగాను. "గిప్పుడు గూడ గదే పని జేస్తున్న గద బిడ్డా. కాయితం లేదు గంతే" అన్నారు.

కరీంనగర్‌లో మాది తొమ్మిది మంది ఉన్న చిన్న కంపెనీ. బ్లడ్ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. ఏ సంచిలో ఏ గ్రూపు రక్తం ఉంది, ఎప్పుడొచ్చింది, ఎప్పటిదాకా పనికొస్తుంది, ఎవరికి ఇచ్చారు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే చిన్న చిన్న టెస్టులు రాయడం సార్ బాధ్యత. నేను కాలేజీ నుంచి నేరుగా వచ్చి ఆయన పక్క కుర్చీలో పడ్డాను.

చేరిన రెండో వారం నాలుగు వందల లైన్ల టెస్టులు రాసి, గర్వంగా చూపించాను. సార్ వాటిని ప్రింట్ తీయించారు. ఏ కాగితమైనా చేతికి రాగానే ఆయన ముందు చదవరు. ఒక మూలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దుతారు. కిటికీ వైపు ఎత్తి వెలుతురులో చూస్తారు. కరెంటు బిల్లయినా, పెళ్ళి పత్రికయినా అంతే. ఆ తంతు అయ్యాక పెన్సిల్ తీసి నా ప్రింట్ మీద గీతలు పెట్టడం మొదలుపెట్టారు.

"గిదేంది బిడ్డా?"

"సంచి తయారుచేసుడు సార్. గ్రూపు పెట్టి, తేదీ పెట్టి..."

"గిది?"

"అదే సార్."

"మరి గిది?"

"అది గూడ అదే."

"ఒక్క ముచ్చట ఇరవై మూడు సార్లు జెప్పినవ్. ఇనేటోడు ఏం జేస్తడు? ఇనుడు బంద్ జేస్తడు. వీటిల ఒక్కదాంట్ల తప్పు రాసినవనుకో, ఎవరి కండ్లవడ్తది?"

ఒకదాంట్లో నిజంగానే తప్పు ఉంది. ప్లేట్‌లెట్ల సంచి ఐదు రోజులే పనికొస్తుంది. నేను ముప్పై ఐదు అని వేసి, ఆ తప్పుడు లెక్కకే టెస్టు సరిపోయేట్టు రాశాను. సార్‌కు అది ముందే కనబడింది. చెప్పలేదు. నాకు దొరికేదాకా పక్కన కూర్చుని, జొన్నరొట్టె తుంచుకుని తిన్నారు.

జావాలో ఒక పని చేసే కోడ్ ముక్కను మెథడ్ అంటాం. దాని పైన @ గుర్తుతో ఒక మాట రాస్తే, ఆ మెథడ్ ఎందుకుందో యంత్రానికి తెలుస్తుంది. వాటిని యానొటేషన్లు అంటాం. 'ఇది టెస్టు', 'ఇది ప్రతి టెస్టుకూ ముందు జరగాలి', 'ఈ ఒక్క టెస్టునే పట్టికలోని ప్రతి వరుసతో మళ్ళీ మళ్ళీ నడుపు' అని ఒక్కో దానికి ఒక్కో అర్థం. సార్ వాటిని బొట్లు అనేవారు. "దీనికి బొట్టు వెట్టినవా?" అని అడిగితే కొత్తగా చేరినవాళ్ళు బిత్తరపోయేవారు. ఆ రోజు నా నాలుగు వందల లైన్లను రెండు వేళ్ళతో టైపు చేస్తూ ఒక్క పేజీకి తెచ్చారు. సంచి తయారుచేసే భాగం ఒక్కసారి, పైన. ఇరవై మూడు టెస్టుల బదులు మూడు. మూడో దాని నెత్తిన పట్టిక: సంచి రకం, ఎన్ని రోజులైంది, ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా. నా తప్పు ఆ పట్టికలో ఉండి ఉంటే ఎవరైనా చదివి పట్టుకునేవారు.

"టెస్టు ఒక్కటే అడగాలె. చిన్నగ అడగాలె. జదివితే మా ఇంటామెకు గూడ అర్థంగావాలె" అన్నారు.

ఇంటామెకు అర్థం కావాలన్నది ఆయన ఊరికే అన్న మాట కాదు. టెస్టుకు మనుషులు చదువుకునే పేరు పెట్టుకోవడానికి ఒక యానొటేషన్ ఉంది. అందరూ అందులో ఇంగ్లీషు రాస్తారు. సార్ తెలుగులో రాసేవారు. 'గడువు దాటిన రక్తం బయటికి ఇయ్యొద్దు.' 'గ్రూపు కలవకపోతే ఎవరడిగినా ఇయ్యొద్దు.' టెస్టులు నడిపితే తెర మీద ఈ మాటలు ఒకదాని కింద ఒకటి పచ్చ గుర్తులతో వచ్చేవి; ఏదైనా తప్పితే దాని ముందు ఎర్ర గుర్తు. మా ఓనర్ ఒకసారి నవ్వి, ఇదేంది సార్ ఇట్ల అంటే, "ఎర్రగైనప్పుడు జదివేది మనమే గద సార్. మనకు భయమయ్యే మాట ఉండాలె" అన్నారు.

అన్నీ పచ్చగా వస్తే ఆయనకు నచ్చేది కాదు. ఇంటికి పోయే ముందు అసలు కోడ్‌లో ఏదో ఒక లైను తానే చెడగొట్టి టెస్టులు నడిపేవారు. ఏదైనా ఎర్రబడితే ఆ లైను సరిచేసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళేవారు. ఏదీ ఎర్రబడకపోతే, ఆ తప్పును పట్టే టెస్టు లేనట్టే కాబట్టి, ఆ సాయంత్రం వాళ్ళావిడకు ఫోన్ పోయేది, ఆలస్యమవుతుందని.

నేను చేసిన పెద్ద తప్పు రెండో ఏడు జరిగింది.

సార్ కూతురిని నర్సింగ్ కాలేజీలో చేర్చడానికి రెండు రోజులు సెలవు పెట్టారు. అదే వారం మేము సాఫ్ట్‌వేర్‌ను కొత్త సర్వర్‌కు మార్చాం. ఒక టెస్టు ఎర్రబడింది. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు గడువు చూసే టెస్టు అది. సాయంత్రానికి కొత్త వెర్షన్ పంపాలని ఓనర్ తొందర పెడుతున్నాడు. టెస్టే సరిగ్గా లేదనుకున్నాను. ఒక టెస్టును పక్కన పెట్టడానికి కూడా యానొటేషన్ ఉంది. దాన్ని పెట్టాను. ఎందుకు పక్కన పెట్టామో బ్రాకెట్లలో రాయొచ్చు. నేను రాయలేదు. ఎర్ర గుర్తు పోయింది. వెర్షన్ పంపేశాం.

కొత్త సర్వర్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. మన దగ్గర తేదీ మారినా తెల్లవారేదాకా దానికి ఇంకా నిన్నే. అంటే అర్ధరాత్రితో గడువు తీరిన సంచిని ఐదున్నర దాకా మంచిదే అని చూపిస్తుంది. టెస్టు చెప్పింది సరిగ్గా అదే.

వారం తిరగకముందే ఆదిలాబాద్‌లోని ఒక బ్లడ్ బ్యాంక్ నుంచి సార్‌కు ఫోన్ వచ్చింది. కాన్పుకు వచ్చిన ఒకామెకు తెల్లవారుజామున రక్తం కావాల్సి వస్తే, కంప్యూటర్ గడువు తీరిన సంచిని చూపించింది. అక్కడి టెక్నీషియన్ సంచి మీది చీటీ కళ్ళతో చదివి, పక్కన పెట్టి, ఇంకోటి ఇచ్చింది.

సార్ కోడ్ తెరిచి చూశారు. ఆ టెస్టు నెత్తిన ఉన్న మాట చూశారు. ఎవరు పెట్టారో పక్కనే నా పేరుతో ఉంది. నేను వెనక నిల్చుని ఉన్నాను. ఆయన తిరగకుండానే అన్నారు:

"రేపు పొద్దున బస్టాండుకు రా బిడ్డా. ఆదిలాబాద్ పోదాం."

పొద్దున మొదటి బస్సు వేళకే బస్టాండులో ఉన్నాను.

జగిత్యాల దాటినా, నిర్మల్ దాటినా ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఘాట్ ఎక్కుతుంటే మిల్లు గురించి చెప్పారు. ఒకసారి పై ఆఫీసరు, పట్టీ సగం గుంజి చాలు, గట్టిదే అని రాసెయ్యి, లారీ నిలబడి ఉంది అన్నాడట. "రాసిన. బడి పుస్తకాల కాయితం అది. యాడికి వొయిందో, ఎవరి చేతుల చినిగిందో నాకు తెల్వది. గదే నాకు బాధ. ఎవ్వలు వచ్చి తిట్టలే" అన్నారు. తర్వాత కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం పత్తి లారీలు చూస్తూ కూర్చున్నాను. ఊరు దగ్గరపడేకొద్దీ రోడ్డు పక్క తుమ్మ కొమ్మలకు తెల్లటి పీచు అంటుకుని ఉంది.

టెక్నీషియన్ యాభై ఏళ్ళ మనిషి. ఇంట్లో మరాఠీ, డ్యూటీలో తెలుగు. ఆమెను సార్ అక్కా అని పిలిచారు, నేనూ అట్లాగే పిలిచాను. ఆ సంచిని ఆమె పారేయకుండా విడిగా పెట్టింది. నా చేతికి ఇచ్చింది. చల్లగా ఉంది. నేను అనుకున్నదానికంటే బరువు.

"మూడు గంటలైంది. నిద్ర కండ్లు. కంప్యూటర్ మంచిదే అన్నది" అంది ఆమె. "నాకు చీటీ జదివే అలవాటు పాతది. నా జాగల కొత్త పోరి ఉంటే ఇచ్చేసేది."

"ఆ కాన్పుకొచ్చినామె ఎట్లున్నది?" అన్నాను.

"మంచిగనే ఉన్నది. ఆడిపిల్ల వుట్టింది. చూస్తవా?"

చూడలేనన్నాను. సార్ నా వైపు ఒకసారి చూసి, తన భుజం సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వు వెట్టిన బొట్టు నువ్వే తీసెయ్" అని కూడా అనలేదు ఆయన. "అక్క జెప్తది. నువ్వు రాయి" అన్నారు, అంతే.

ఆ గదిలో, రెండు ఫ్రిజ్‌ల మధ్య స్టూలు మీద కూర్చుని మధ్యాహ్నమంతా రాశాను. ముందు నేను పెట్టిన గుర్తు తీసేశాను. తర్వాత పట్టికలోని వరుసలు ఒక్కొక్కటే పైకి చదివాను. తెలుగులో ఉన్నాయి కాబట్టి అక్క చీటీ చదివినట్టే విన్నది. "హో, బరాబర్" అంటూ పోయింది. ఒకచోట ఆపింది.

"గడ్డగట్టిన ప్లాస్మాకు ఏడాది అని రాసిండ్రు. బరాబరే. కరిగించినంక?"

కరిగించిన ప్లాస్మాకు ఆ ఏడాది గడువు చెల్లదని మా సాఫ్ట్‌వేర్‌కు తెలియనే తెలియదు. దానికో వరుస రాశాను. ఎర్రబడింది. సార్ ముఖంలో ఆ రోజు మొదటిసారి వెలుగు చూశాను.

"గిన్ని దినాల సంది ఎవ్వలు అడగలే గీమెను" అన్నారు నాతో.

తిరుగు బస్సులో నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. నిర్మల్‌లో బస్సు ఆగినప్పుడు దిగిపోయి, రెండు చాయ్‌లు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టారు. అప్పటి నుంచి అక్క ఏ సందేహం వచ్చినా ఆయనకే ఫోన్ చేసేది. ఆయన ప్రతిసారీ పట్టికలో ఒక వరుస కలిపేవారు.

ఇంత చెప్పి, నా సంగతి చెప్పకపోతే తప్పవుతుంది.

నాలుగో ఏడు మా కంపెనీని హైదరాబాద్ వాళ్ళు కొన్నారు. మొదట వచ్చిన ఆదేశాల్లో ఒకటి, టెస్టుల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉండాలని. ఆ పని నాకిచ్చారు. ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. సార్ పక్క కుర్చీలోనే ఉన్నారు. నేను చేస్తున్నానని చెప్పలేదు. మర్నాడు ఆయనే చూసుకున్నారు, మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. ఒక్కటే. 'ఇయ్యొద్దు' అన్నకాడ 'షుడ్ నాట్' అన్నవు. అది ఇయ్యకుంటే మంచిది అన్నట్టుంటది. 'మస్ట్ నాట్' అని రాయి."

మార్చాను. నెల తర్వాత ఎవరిని ఉంచుతున్నారో చెప్పే మెయిల్ వచ్చింది. ముగ్గురి పేర్లు. నా పేరు ఉంది. ఆయన పేరు లేదు. టెస్టులు ఇక యంత్రమే రాస్తుందని ఫోన్‌లో ఎవరో వివరించారు. నేను వింటూ కూర్చున్నాను. ఇన్ని తెలిసిన మనిషిని ఎట్లా పంపుతారని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడిగితే ఏమయ్యేదో తెలియదు. నేను అడగలేదన్నదే తెలుసు. ఆఖరి రోజు ఆయన పోయే వేళకు నేను మీటింగులో ఉన్నాను. అద్దం తలుపు అవతల చేయి ఎత్తి, పోతున్నానని సైగ చేశారు. నేను తల ఊపాను.

కాగజ్‌నగర్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో కూర్చుని పిల్లల ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతున్నారని తర్వాత ఎవరో చెప్పారు. మూడు నెలల కింద ఒక రోజు ఆయన ఫోన్ చేశారు. అప్పుడు కూడా మీటింగే. సాయంత్రం చేద్దామనుకున్నాను. ఉద్యోగం కోసం అడుగుతారేమో, ఏం చెప్పాలి అని కూడా అనుకున్నాను. ఆ సాయంత్రం చేయలేదు. తర్వాతా చేయలేదు.

పదో దినానికి పెద్దపల్లిలో రైలెక్కి కాగజ్‌నగర్ పోయాను. చిన్న ఇల్లు. వాకిట్లో షామియానా, వరుసగా కుర్చీలు. ఆయన భార్య నన్ను అంతకుముందు చూడలేదు, అయినా పోల్చుకుంది. లోపలికి తీసుకుపోయి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ ఫోన్ కోసం జూసిండు బిడ్డా. స్నానానికి వోయినా ఫోన్ నా చేతికిచ్చి పోయేటోడు, కరీంనగర్ బిడ్డ జేస్తే ఎత్తు అని. రెండు మూడు దినాలు గట్లనే జేసిండు. నువ్వే ఇంకోసారి జెయ్యరాదు అన్న నేను. పనిల ఉన్నదాన్ని పరేషాన్ జెయ్యొద్దు అన్నడు."

ఆమె మాటలో నింద లేదు. ఉంటే కొంత తేలికయ్యేది.

"ఎందుకు జేసిండో చెప్పిండా అమ్మా?"

కూతురు లోపలికి పోయి ఒక కాగితం తెచ్చింది. జిరాక్స్ దుకాణంలో పాడైన కాగితం, వెనక వైపు పెన్సిల్‌తో సార్ చేతిరాత. ఉద్యోగం సంగతి కాదు. 'వార్డుకు పోయి వాపసు వచ్చిన రక్తం. అరగంట దాటితే మళ్ల ఫ్రిజ్‌ల పెట్టొద్దు. కొత్త వెర్షన్ పెట్టనిస్తున్నది. అక్క చెప్పింది.' కింద గీతలు కొట్టి పట్టిక. పది నిమిషాలు, పెట్టొచ్చు. ఇరవై తొమ్మిది, పెట్టొచ్చు. ముప్పై ఒకటి, పెట్టొద్దు. ముప్పై దగ్గర ఖాళీ వదిలి, 'అక్కను అడగాలె' అని రాసుకున్నారు.

"కంపెనీకి మెయిల్ వెట్టిండక్కా. ఏదో కంప్లెంట్ నంబర్ వచ్చింది. మల్ల జవాబు రాలే" అంది కూతురు. "గది రాస్తే అర్థంగాదు, మాట్లాడితెనే అని నీకు జేసిండు."

ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున ఆఫీసుకు పోయి, ఎవరికీ చెప్పకుండా ముందు ఆ టెస్టు రాశాను. మూడు వరుసలు. పది, పచ్చ. ఇరవై తొమ్మిది, పచ్చ. ముప్పై ఒకటి, ఎరుపు. మూడు నెలలుగా అది ఎర్రగా ఉండాల్సింది. మధ్యాహ్నానికి కోడ్ సరిచేశాను. సరిగ్గా ముప్పై నిమిషాల సంగతి తేలలేదు. ఆదిలాబాద్ అక్కకు ఫోన్ చేసి, నేనెవరో చెప్పి, అడిగాను.

"గిదే సార్ గూడ అడిగిండు. డాక్టరమ్మను అడిగి చెప్త అన్న" అంది అక్క. "ఆమె పెట్టొద్దు అన్నది. ముప్పై అయిందంటే పారెయ్యుడే. సార్ చెప్పినట్టు అప్పటిసంది చేత్తోనే టైము రాస్తున్నం, మీరు సరిజేసేదాక. డాక్టరమ్మ చెప్పింది సార్‌కు చెప్పాలని పది దినాల కింద రెండు సార్లు ఫోన్ చేసిన. ఎత్తలే. మంచిగున్నడా సార్?"

చెప్పాను.

అవతల ఫ్రిజ్ మోటారు చప్పుడు మాత్రం వస్తూ ఉంది. ఎవరో వచ్చి రక్తం చీటీ ఇచ్చినట్టున్నారు. "వస్తున్న, ఆగుర్రి" అని అక్క వాళ్ళతో అంది. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది.

"మరి ఇగ ఏదన్న ఉంటే మేము ఎవలకు చెయ్యాలె బిడ్డా?"

"నాకు చెయ్యక్కా. గీ నంబరే."

"ఎత్తుతవా?"

"ఎత్తుతా అక్కా" అన్నాను.